చెయ్యి తిరిగిన ఇంజనీరుకు ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలి?

ఇంజనీర్ల కోసమని తయారయ్యే సాఫ్ట్‌వేర్లలో చాలావాటి కథ ఒకేలా ముగుస్తుంది. ప్రారంభోత్సవం రోజు గోడంత తెర, దాని మీద మ్యాపు, రంగురంగుల చుక్కలు, అధికారుల ఫొటోలు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తెర ముందు కూర్చునేది ఇంజనీరు కాదు, అవుట్‌సోర్సింగ్‌లో చేరిన డేటా ఎంట్రీ కుర్రాడు. ఇంజనీరు మాత్రం ఒక ఎక్సెల్ షీటు, ఒక జేబు పుస్తకం, నాలుగు వాట్సాప్ గ్రూపులు, నోటికి వచ్చిన పది ఫోన్ నంబర్లతో తన పని తను చేసుకుపోతుంటాడు. ఎందుకిలా అని అడిగితే ఆఫీసుల్లో వినిపించే సంజాయిషీ ఒకటుంది: "సీనియర్లు కదండీ, కంప్యూటర్ అంటే భయం." శుద్ధ అబద్ధం. ఆ సీనియర్లే ఇరవై షీట్ల ఎక్సెల్ ఫైలు సొంతంగా కట్టుకుంటారు, ఆటోక్యాడ్‌లో గీస్తారు, గూగుల్ ఎర్త్ తెరిచి వాగు ఎక్కడ మలుపు తిరిగిందో చూసుకుంటారు. కంప్యూటర్‌తో వాళ్లకు పేచీ లేదు. వాళ్ల చేతికిచ్చిన ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌తోనే పేచీ, దానికి కారణాలున్నాయి.

మామూలు జనం వాడే యాప్‌లకు పనికొచ్చే సూత్రం ఒకటే: నేర్పకుండా ఎవరైనా వాడగలగాలి. ఫోన్‌లో డబ్బులు పంపడానికైనా, రైలు టికెట్ తీయడానికైనా అది సరిపోతుంది. కానీ పదిహేనేళ్లుగా ఒకే పని చేస్తున్నవాళ్లకు, ఆ పని గురించి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకన్నా పదిరెట్లు తెలిసినవాళ్లకు ఆ సూత్రాన్ని అలాగే తెచ్చి అంటిస్తే బెడిసికొడుతుంది. తెరకో పెద్ద బటన్, పేజీకో అంకె, "మీరు ఖచ్చితంగా ఇది చేయాలనుకుంటున్నారా" అని అడుగడుగునా ప్రశ్న. కొత్తవాడికి ఇవి ఆసరా, చెయ్యి తిరిగినవాడికి కాళ్లకు అడ్డం. నిపుణుడి తెర కిక్కిరిసి ఉన్నా ఫర్వాలేదు, చూపు ఒక్కసారి తిప్పితే కావలసినవన్నీ కనబడాలి. వాడేవాళ్లను కేంద్రంగా పెట్టుకుని డిజైన్ చేయడానికి అంతర్జాతీయ ప్రమాణం 1999 నుంచే ఉంది. ఐఎస్‌ఓ 13407గా వచ్చి, 2010లో 9241-210గా మారింది. ముందు వాడేవాళ్లెవరో, వాళ్ల పనేమిటో, ఆ పని ఎలాంటి చోట జరుగుతుందో అర్థం చేసుకోమని అది చెబుతుంది. మన దగ్గర దాన్ని పాటించడమంటే కాన్ఫరెన్స్ హాలులో రెండు గంటల మీటింగ్, సమోసాలు, చివర్లో హాజరు సంతకాలు.

పని ఎలాంటిదో తెలియకుండా ఈ మాటలన్నీ గాల్లో మాటలే కాబట్టి, పెన్నా నది మీదికి వెళ్దాం.

పెన్నా మీదున్న సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. నెల్లూరు డెల్టా పొలాలకూ, కండలేరు జలాశయానికీ, కండలేరు మీదుగా చెన్నై తాగునీటికీ ఆధారం అదే. వరద రోజుల్లో అక్కడి ఇంజనీరు ముందుండే ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఇప్పుడు ఎంత వదలాలి? ముందే ఎక్కువ వదిలేసి, పైన వాన ఆగిపోతే జలాశయం వెలితిగా మిగులుతుంది, రబీలో రైతులు వచ్చి నిలదీస్తారు. నీళ్లున్నాయి కదా అని పట్టి ఉంచి, తెల్లవారుజామున వరద ఒక్కసారిగా మీదపడితే అప్పుడు గేట్లన్నీ ఎత్తక తప్పదు, కింద సంగం, ఆ కింద నెల్లూరు, కోవూరు ఊళ్లకు తేరుకునే వ్యవధి ఉండదు. 2021 నవంబర్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. 19వ తేదీన కడప వైపు, సోమశిలకు ఎగువన పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి వదిలిన నీరు 5 లక్షల క్యూసెక్కులు దాటింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి.

ఈ పనికి సాయపడే సాఫ్ట్‌వేర్ చేయమంటే తొలి ఆలోచన ఏమొస్తుంది? పైన నది మట్టం కొలిచే గేజిల రీడింగులు తీసుకుని, వాన అంచనా కలిపి, లెక్కగట్టి "1,85,000 క్యూసెక్కులు వదలండి" అని తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించడం. డెమోలో బ్రహ్మాండంగా ఉంటుంది. చేతిలో గేట్లున్న మనిషికి మాత్రం ఆ అంకెతో ఏం చేయాలో తోచదు, ఎందుకంటే ఆ మనిషి మనసులో మెదిలే ప్రశ్నలు వేరు. ఈ లెక్కలోకి ఏ గేజి తీసుకున్నారు? ఎన్ని గంటల రీడింగ్? పెన్నా మీద కడప పైనున్న చెన్నూరు గేజి చూసి ఇన్‌ఫ్లో (జలాశయంలోకి వచ్చే నీరు) ఊహిస్తే, చెయ్యేరు వచ్చి కలిసేది చెన్నూరుకు దిగువన కాబట్టి ఆ వాగు వరద ఆ గేజికి కనపడనే కనపడదు. చెన్నూరు దగ్గర నది తగ్గుముఖం పట్టిందని తెర చెబుతున్నప్పుడే చెయ్యేరు విరుచుకుపడుతుండొచ్చు. ఏ వాగు ఎక్కడ కలుస్తుందో ఇంజనీరుకు కంఠతా వచ్చు. తన లెక్క ఏ వాగును చూసింది, దేన్ని చూడలేదు అన్నది సాఫ్ట్‌వేర్ పైకి చెప్పకపోతే ఆ తెలివి దానికి తోడు రాదు.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది. జలాశయంలోకి ఎంత నీరొస్తోందో నేరుగా కొలిచే మీటరేదీ ఉండదు. గంటలో మట్టం ఎంత పెరిగింది, ఆ గంటలో ఎంత వదిలాం, రెండూ కలిపి వెనక్కి లెక్కగడతారు. నీళ్లు 200 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయనుకుందాం. అక్కడ ఒక్క సెంటీమీటరు మట్టమంటే 20 లక్షల ఘనమీటర్ల నీరు. గాలికి అల లేచి రీడింగ్ ఒక్క సెంటీమీటరు ఎక్కువ పడిందంటే, గంట లెక్కలో ఇన్‌ఫ్లో దాదాపు 20 వేల క్యూసెక్కులు లేనిది ఉన్నట్టు కనబడుతుంది. అదే లెక్క పావుగంటకోసారి వేస్తే తప్పు నాలుగింతలై 80 వేలకు దగ్గరవుతుంది. తుపాను గాలిలో ఒక సెంటీమీటరు తేడా రాకుండా గేజి చదవడం ఎవరి తరం? అందుకే అనుభవమున్న ఇంజనీరు ఒక్క గంట ఇన్‌ఫ్లోను నమ్మడు, మూడు నాలుగు గంటల సగటు చూస్తాడు, ఎగువ గేజితో పోల్చుకుంటాడు, ఆ తర్వాతే ఒక మాటనుకుంటాడు. ఇక సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు కోరుకునేదేమో "రియల్ టైమ్". ఎంత తరచుగా రిఫ్రెష్ అయితే అంత గొప్ప. పావుగంటకోసారి 80 వేలు పైకీ కిందికీ ఊగే అంకెను ఎర్ర రంగులో చూపిస్తూ, పక్కన బాణం గుర్తు కూడా పెడతారు. రెండు రాత్రులు అది చూసిన ఇంజనీరు మూడో రాత్రి ఆ తెర వైపు చూడడు. చూడనందుకు ఆ ఇంజనీరును మెచ్చుకోవాలి.

మరి అదే చోట పనికొచ్చేది ఎలా ఉంటుంది? ఇన్‌ఫ్లోను ఒక అంకెగా కాక పట్టీలాగా చూపించొచ్చు, ఇంత నుంచి ఇంత మధ్య అని. ఎన్ని గంటల సగటు తీయాలో ఇంజనీరే ఒక్క నొక్కుతో మార్చుకునేలా పెట్టొచ్చు. ప్రతి గేజి పక్కన చివరి రీడింగ్ ఎప్పటిదో గంట, నిమిషం కనబడాలి. కుండపోత వానలో ఆరు గంటలుగా ఒకే మట్టం చూపిస్తున్న గేజి అంటే నది నిలకడగా ఉందని కాదు, సెన్సర్ పోయిందని. ఆ సంగతి ఇంజనీరు గీత చూడగానే పట్టేస్తాడు, కాబట్టి "ఈ గేజిని నమ్మవద్దు" అని గుర్తు పెట్టి, అది లేకుండా లెక్క మళ్లీ వేయించుకునే వీలుండాలి. రెండు గంటలు ఆగి వదిలితే ఏమవుతుంది, ఇప్పుడే సగం వదిలితే ఏమవుతుంది అని పక్కపక్కన పెట్టి చూసుకోగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్‌లో వచ్చిన కబురుకు చోటుండాలి. "నీళ్ల రంగు మారింది సార్, చెట్లు కొట్టుకొస్తున్నాయి" అని ఎగువ నుంచి లస్కర్ (గేట్లు, కాలువలు కనిపెట్టుకుని ఉండే కింది ఉద్యోగి) చేసిన ఫోను ఆ రాత్రికి ఏ సెన్సర్‌కూ తీసిపోని సమాచారం. మన సాఫ్ట్‌వేర్లలో దాన్ని రాసుకోవడానికి ఒక్క గడి కూడా ఉండదు, అంకె కాని దానికి విలువ లేదన్నట్టు.

జవాబు చెప్పే యంత్రం నిపుణుడి దగ్గర ఎందుకు చెల్లదో కంప్యూటర్ చరిత్రలోనే పాఠాలున్నాయి. 1970లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు మైసిన్ అనే ప్రోగ్రాం రాశారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కు ఏ మందివ్వాలో అది చెప్పేది, పరీక్ష పెడితే స్పెషలిస్టు డాక్టర్లకు తీసిపోలేదు. అయినా ఆసుపత్రి వార్డులో నిత్యం వాడకంలోకి రాలేదు. వివరాలన్నీ కూర్చుని టైప్ చేయాలి, ప్రశ్న తర్వాత ప్రశ్న అది అడుగుతుంటే జవాబివ్వాలి, అప్పుడది తీర్పు చెబుతుంది. రోగిని వదిలి ఎవరు కూర్చుంటారు? పైగా రేపు తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది డాక్టరే. గేట్ల దగ్గరా అంతే. నోటీసు సాఫ్ట్‌వేర్‌కు రాదు.

1983లో బ్రిటన్‌కు చెందిన లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక చిన్న వ్యాసంలో ఇదే చిక్కును ఇంకో వైపు నుంచి చూపించింది. యంత్రానికి అప్పగించగలిగినవన్నీ అప్పగించేసి, అప్పగించలేని కష్టమైన ముక్కలు మాత్రం మనిషికి మిగులుస్తున్నాం. రోజూ చేసే తేలిక పని చేతిలోంచి పోయేసరికి ఆ మనిషికి అలవాటు తప్పుతుంది, తీరా యంత్రం చేతులెత్తేసిన రోజున అందరికన్నా ఎక్కువ నేర్పు చూపించాల్సిందీ ఆ మనిషే. మామూలు రోజుల్లో సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు గేట్లు ఎత్తి దించడమే అలవాటైన కొత్త ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), నెట్‌వర్క్ పోయిన తుపాను రాత్రి గేట్ ఓపెనింగ్ పట్టిక చేతిలో పెట్టుకుని ఎన్ని అడుగులెత్తితే ఎంత పోతుందో లెక్కగట్టగలడా? మామూలు రోజుల్లో కూడా ఇంజనీరు ముందు తన అంచనా వేసుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్ అంచనా చూసేలా వరస పెడితే ఆ చెయ్యి మొద్దుబారదు. ఇది డిజైన్‌లో చిన్న మార్పే, తెర మీద ఏది ముందు, ఏది వెనక అన్నంతే.

గేట్ల నుంచి కంట్రోల్ రూమ్‌కు వస్తే సమస్య వేరే రూపంలో ఉంటుంది. ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఇంత పెద్ద యూనిట్ ఏ రాష్ట్రంలో ఉన్నా డెస్క్ ఇంజనీరు ముందు వేల కొలత పాయింట్లుంటాయి, ఒక్కోదానికి పై హద్దు, కింది హద్దు, దాటితే అలారం. ఇక్కడ లోటు సమాచారానిది కాదు, అది ముంచెత్తడమే బాధ. 1979 మార్చిలో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అలారాలు అచ్చువేసే ప్రింటర్ గంటల కొద్దీ వెనకబడిపోయింది. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. తెరుచుకుని ఇరుక్కుపోయిన వాల్వ్ ఒకటి మూసుకుందనే ఆపరేటర్లు అనుకున్నారు, ఎందుకంటే ప్యానెల్ మీద లైటు వాల్వ్ నిజంగా మూసుకుందా లేదా అన్నది చూపించలేదు, మూసుకోమని ఆదేశం వెళ్లిందా అన్నది మాత్రమే చూపించింది. మన దగ్గర కూడా ఏ తెర మీదైనా "గేట్ మూసి ఉంది" అని కనబడితే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, మూసి ఉందా, మూయమని చెప్పారా? 1994 జులైలో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. ఆ తర్వాత 1999లో వచ్చిన బ్రిటిష్ మార్గదర్శకాలు మామూలు నడకలో పది నిమిషాలకు ఒక అలారం మించకుండా ఉంటే మంచిదన్నాయి. ఏ ప్లాంటులోనైనా డెస్క్ దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, ఆ లెక్క ఎక్కడుందో మన చెవులే చెబుతాయి.

అలారాలు తగ్గించడం సగం పనే. చెయ్యి తిరిగినవాళ్లు అలారం మోగకముందే పట్టుకునేవి ఉంటాయి, వాటికి సాయపడటం మిగతా సగం. బాయిలర్ ట్యూబ్ లీకేజీ తీసుకోండి. మొదట్లో హద్దు దాటేది ఏదీ ఉండదు. డీఎం నీళ్ల మేకప్, అంటే బాయిలర్‌లో తగ్గినంత మేర కలిపే శుద్ధి చేసిన నీరు, కాస్త పెరుగుతుంది. లోడ్ (యూనిట్ తయారుచేసే కరెంటు) అదే ఉన్నా బాయిలర్ పొగను లాగే ఐడీ ఫ్యాన్లు కొంచెం ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటాయి, పొగతో పాటు బయటికొచ్చిన ఆవిరిని కూడా అవే లాగాలి కదా. ఒక పక్క గ్యాస్ ఉష్ణోగ్రత రెండో పక్కతో పోలిస్తే తేడా పడుతుంది. విడివిడిగా చూస్తే అన్నీ మామూలే, మూడూ ఒకే గంటలో కదిలాయంటే మాత్రం పాత చెయ్యి కుర్చీలోంచి లేస్తుంది. ఎంత ముందుగా పట్టుకుంటే అంత మేలు, లీకైన ఆవిరి పక్క ట్యూబులను కూడా కోసేస్తుంది కాబట్టి. ఈ మూడూ చాలా సిస్టమ్‌లలో మూడు వేర్వేరు పేజీల్లో ఉంటాయి, ఎందుకంటే తెరలను గీసింది పరికరాల ప్రకారం: నీళ్లకొక పేజీ, ఫ్యాన్లకొక పేజీ, గ్యాస్‌కొక పేజీ. ఇంజనీరు ఆలోచించేది పరికరాల వారీగా కాదు, అనుమానం వారీగా. "లీకేజీ అనుమానం" అని ఒక పేరు పెట్టుకుని, దానికి సంబంధించిన గీతలన్నీ ఒకే కాలరేఖ మీద పేర్చుకుని, పోయిన వారం ఇదే లోడ్‌లో ఎలా ఉన్నాయో వెనక నీడలా చూసుకునే వీలు కల్పిస్తే చాలు. కృత్రిమ మేధ దాకా పోనక్కర్లేదు. ఒక సీనియర్ అలా కట్టుకున్న పేజీని జూనియర్లు తెరిచి చూసుకోగలిగితే, క్లాసు పెట్టకుండానే పని నేర్పినట్టవుతుంది.

సాఫ్ట్‌వేర్ మంచిదే అయినా మూలపడటానికి ఇంకో కారణముంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. జొనథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు 1988లో ఆఫీసుల్లో అందరూ కలిసి వాడాల్సిన సాఫ్ట్‌వేర్లు ఎందుకు విఫలమవుతున్నాయో చెబుతూ ఒక మాటన్నాడు: అదనపు శ్రమ ఒకరిది, లాభం ఇంకొకరిది. మన ప్రాజెక్టు ఆఫీసుల్లో ఒక్క మట్టం రీడింగ్ ఎన్ని చోట్ల ఎక్కుతుందో లెక్కపెట్టండి. గేజి రిజిస్టర్‌లో ఒకసారి, వాట్సాప్ గ్రూపులో ఒకసారి, పై ఆఫీసుకు సాయంత్రం పంపే షీటులో ఒకసారి, కొత్తగా వచ్చిన పోర్టల్‌లో ఇంకోసారి. ఆ పోర్టల్ వల్ల ఏఈకి ఒరిగిందేమీ లేదు, లాభమంతా టెలీకాన్ఫరెన్స్‌లో గ్రాఫు చూపించేవాళ్లది. అలాంటి దాంట్లో అంకెలు ఎలా పడతాయో అందరికీ తెలిసిందే, నిన్నటి దాన్ని కాస్త అటూ ఇటూ చేసి. పైన కూర్చున్నవాళ్లు ఆ అంకెల మీద నిర్ణయాలు తీసుకుంటారు. దీనికి మందు క్రమశిక్షణ మెమో కాదు. ఒక్కసారి ఎక్కిస్తే రిజిస్టర్ పేజీ, వాట్సాప్ మెసేజ్, పై ఆఫీసు షీటు అన్నీ అందులోంచే తయారై రావాలి. అంటే ముందు ఏఈకి అరగంట మిగలాలి, తర్వాతే పైవాళ్లకు గ్రాఫు.

గుండ్లకమ్మ ప్రాజెక్టు సంగతి చూడండి. ప్రకాశం జిల్లాలో ఆ ప్రాజెక్టు గేటు ఒకటి 2022 ఆగస్టు చివర్లో కొట్టుకుపోయింది, 2023 డిసెంబర్‌లో ఇంకొకటి. తప్పెవరిదన్న రాజకీయం బోలెడంత నడిచింది, దాన్ని అలా ఉంచితే గేట్ల నిర్వహణకు కంప్యూటర్ ఏం సాయం చేయగలదన్నది ఆలోచించాల్సిన విషయం. మామూలుగా తయారయ్యేది చెక్‌లిస్టు యాప్: రోప్ బాగుందా, గ్రీజు పెట్టారా, రబ్బర్ సీల్ బాగుందా, అవును, అవును, అవును. అన్నిటికీ అవును కొట్టడానికి అర నిమిషం చాలు, గేటు దాకా నడవక్కర్లేదు కూడా. ఏ గేటు ఎత్తేటప్పుడు మొరాయిస్తుందో, ఏ మోటారు పోయినేడాదికన్నా బరువుగా లాగుతోందో అక్కడి లస్కర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ తెలుసు. యాప్ అడగాల్సింది దాన్నే. ఎత్తేటప్పుడు మోటారు తీసుకున్న ఆంపియర్లు, పట్టిన నిమిషాలు, తుప్పు పట్టిన చోటును ప్రతిసారీ అదే కోణంలో తీసిన ఫొటో. ఈ మూడూ ఏళ్ల తరబడి వరసగా కళ్ల ముందుంటే, మరమ్మతు కోసం ఎస్టిమేట్ పెట్టే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) చేతికి గట్టి సాక్ష్యం దొరికినట్టే, నిధులడిగే కాగితానికి అది జత అవుతుంది. అప్పుడు ఆ యాప్ నింపే శ్రమకు అక్కడివాళ్లకే ఫలితముంటుంది.

ఇలాంటివి బయటపడాలంటే అడిగే పద్ధతి మారాలి. నిపుణులను "మీకేం కావాలి" అని అడిగితే చెప్పలేరు, తెలివి లేక కాదు, చేతిలో ఉన్న నేర్పు నోటికి రాదు కాబట్టి. మీటింగ్‌లో ఏదో ఒకటి చెప్పాలి గనక "డ్యాష్‌బోర్డ్ ఉంటే బాగుంటుంది" అంటారు. అమెరికాలో గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక దళం అధికారులతో మాట్లాడినప్పుడు వేరే దారి పట్టాడు. బాగా కష్టమైన ఒక సంఘటన తీసుకుని నిమిషం నిమిషం చెప్పించడం, అప్పుడు ఏం కనబడింది, ఏం వినబడింది, వేరే ఏం చేసుండొచ్చు, ఎందుకు చేయలేదు అని మళ్లీ మళ్లీ అదే రాత్రిలోకి తిప్పడం. 2021 నవంబర్ గురించి అలా అడిగితే సోమశిలలోనో నెల్లూరులోనో పనిచేసినవాళ్ల దగ్గర ఒక్కో పుస్తకమంత సరుకు బయటికొస్తుంది. ఆ తర్వాత పక్కన కూర్చోవాలి, పగలు కాదు, రాత్రి షిఫ్టులో. 1981లో స్కాండినేవియాలో పత్రికల అచ్చు కార్మికులతో కలిసి కొత్త కంప్యూటర్ పద్ధతి రూపొందించిన యుటోపియా ప్రాజెక్టులో అట్టముక్కలు, ప్లైవుడ్‌తో ఉత్తుత్తి యంత్రాలు చేసి, వాటి ముందు నిలబడి పనిచేస్తున్నట్టు నటించి చూశారు. అట్టముక్క మీద "ఈ బటన్ ఇక్కడ వద్దు" అనడానికి ఎవరూ మొహమాటపడరు. కోటి రూపాయల తెర ముందు మాత్రం "బాగుంది సార్" తప్ప ఇంకో మాట రాదు.

పెద్ద కంపెనీల్లో కూడా ఈ నేర్పు కాగితాల్లో కాక మాటల్లోనే బతుకుతుంది. జిరాక్స్ మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగిన జూలియన్ ఓర్ అనే మానవ శాస్త్రవేత్త, వాళ్లు మాన్యువల్ కన్నా తమలో తాము చెప్పుకునే కబుర్లలోనే ఎక్కువ నేర్చుకుంటున్నారని గమనించాడు. తర్వాత 1990లలో జిరాక్స్ కంపెనీ యురేకా అనే వ్యవస్థ పెట్టింది. టెక్నీషియన్ రాసిన చిట్కాను తోటి నిపుణులు సరిచూస్తారు, రాసినవాళ్ల పేరుతోనే అందరికీ అందుతుంది. మన నీటిపారుదల ఆఫీసుల్లో అలాంటిది ఇంకా అవసరం, ఎందుకంటే ఇంజనీరు మూడేళ్లకో నాలుగేళ్లకో బదిలీ అవుతాడు, పాత లస్కర్ రిటైరవుతాడు, వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి. అయితే ఒక ముడి ఉంది. "ఆ రాత్రి ఇంత ఎందుకు వదిలాను" అని కారణం రాసిపెట్టుకుంటే తర్వాతివాళ్లకు బంగారం లాంటి సమాచారం, కానీ అదే రాత రేపు విచారణలో రాసినవాడి మెడకు చుట్టుకోవచ్చు. అందుకే ఎవరూ రాయరు, రాసినా "పై అధికారుల ఆదేశాల మేరకు" అని ముక్తసరిగా ముగిస్తారు. ఎవరు చూడగలరు, ఎన్నాళ్లు ఉంటుంది, దేనికి వాడతారు, దేనికి వాడరు అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చకుండా నోట్స్ కోసం ఒక గడి పెట్టినంత మాత్రాన అది నిండదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి, ఇవే చాలాసార్లు కొంప ముంచుతాయి. కేంద్ర జల సంఘం మట్టాలు మీటర్లలో, ప్రవాహం క్యూమెక్కుల్లో (సెకనుకు ఇన్ని ఘనమీటర్లు అని) ఇస్తుంది. ప్రాజెక్టు మీద మాట్లాడుకునేది అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు. ఒక క్యూమెక్కు 35.3 క్యూసెక్కులు, తలలో మార్చుకుంటూ అర్ధరాత్రి తప్పు చేయడం చాలా తేలిక. రెండూ పక్కపక్కన చూపించడానికి పోయేదేమీ లేదు. వానలో తడి వేళ్లకు ఫోన్ తెర పలకదు, కాబట్టి అంకెల బటన్లు పెద్దవిగా ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు ఎక్కించినది ఫోన్‌లోనే ఉండి, వచ్చాక వెళ్లాలి, "నెట్‌వర్క్ ఎర్రర్" అని టైప్ చేసిందంతా తుడిచేయకూడదు. తెలుగులో రాసినా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా తీసుకోవాలి.

ఇప్పుడు కొత్తగా అన్నిటికీ చాట్ పెట్టెలు తగిలిస్తున్నారు, ఏదడిగినా జవాబు చెబుతుందంటూ. పాత రిపోర్టుల్లో వెతికి ఫలానా పేజీలో ఇలా ఉందని చూపిస్తే నిజంగా పనికొస్తుంది. తెలిసీ తెలియని దాన్ని తెలిసినంత ధీమాగా చెబితే మాత్రం నిపుణుడికి అది రెట్టింపు చాకిరీ, ప్రతి వాక్యాన్నీ సరిచూసుకోవాల్సి వస్తుంది కనుక.

చివరికి ఇవన్నీ టెండర్ కాగితంలోకి రావాలి, లేకపోతే ఎంత మాట్లాడుకున్నా వృథా. నెల్లూరుకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో వస్తాయి. సాఫ్ట్‌వేర్లు అప్పగించేదేమో ఎక్కువగా మార్చిలో, బడ్జెట్ మురిగిపోకముందు. ఎండిన నది ముందు డెమో చూసి, సంతకాలు పెట్టి, బిల్లు చెల్లించేస్తారు. నవంబర్‌లో మొదటిసారి అసలు పరీక్ష ఎదురయ్యే నాటికి కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. చివరి వాయిదా డబ్బు జనవరి దాకా ఆపితే ఈ కథ కొంత మారుతుంది. అంగీకార పరీక్ష కూడా మారాలి. 2021 నవంబర్ గంటవారీ రీడింగులను ఆ సాఫ్ట్‌వేర్‌లోకి మళ్లీ వరసగా వదిలి, మధ్యలో రెండు గేజిలను కావాలని కోసేసి, ఇప్పుడు డ్యూటీలో ఉన్న ఏఈలనూ డీఈలనూ ముందు కూర్చోబెట్టి, ఎప్పుడు ఎంత వదిలేవాళ్లో చెప్పమనాలి. ఏ గేజి చచ్చిందో వాళ్లు ఎంతసేపట్లో గుర్తుపట్టారో గడియారం పెట్టి చూడాలి. అదే పరీక్ష వాళ్ల పాత ఎక్సెల్ షీటుతో కూడా చేయించాలి. ఎక్సెల్ షీటే గెలిస్తే బిల్లు ఆపి, ఆ షీటు కట్టిన ఇంజనీరును డిజైన్ బృందంలో కూర్చోబెట్టుకోమని కాంట్రాక్టర్‌కు చెప్పొచ్చు.